హలో అత్తయ్య కలిపిన లైను

ఆవిడకు పెద్దలు పెట్టిన పేరొకటి ఉంది గాని, వీధిలో ఎవరైనా ఆ పేరుతో పిలిస్తే ఆవిడే పలకదు. కూరగాయల బండివాడికీ, బ్యాంకు మేనేజరుకూ, ఎదురింటి వాళ్ళకూ అందరికీ ఆవిడ హలో అత్తయ్యే. తలుపు తట్టినా "హలో" అంటుంది, కుక్కర్ కూత పెట్టినా "హలో, వస్తున్నా" అంటుంది. ముప్పై ఒక్క ఏళ్ళు టెలిఫోన్ ఎక్స్చేంజిలో ఫోన్లు కలిపే బోర్డు ముందు కూర్చున్న మనిషి మరి. రిటైరై పదేళ్ళు దాటినా ఆ గొంతు మాత్రం ఇంకా డ్యూటీ దిగలేదు.

ఎక్స్చేంజిలో ఆవిడకు రెండు నియమాలు ఉండేవి. లైను ఉందో లేదో విని గాని మాట్లాడకూడదు. బుక్ చేసుకుని ఎదురుచూస్తున్న కాల్‌ను ఆపరేటరు తన చేత్తో తీసెయ్యకూడదు. పై ఆఫీసరు కోప్పడినా సరే, అవతల మనిషి విసిగి తనే పెట్టేసేదాకా ఆ చీటీ బోర్డు మీద ఉండాల్సిందే. ఈ పట్టుదలకు ఆవిడకు రెండు మెమోలు వచ్చాయి. ఆ రెండూ ఇప్పటికీ బీరువాలో పట్టుచీరల కింద భద్రంగా ఉన్నాయి.

ఆవిడ భర్త కంపోజిటరు. సీసపు అక్షరాలు ఒక్కొక్కటే ఏరి పేర్చే రోజుల్నుంచీ ఆ పనిలో ఉన్నారు. తర్వాత ఇంటి కిందిగదిలోనే చిన్న ప్రెస్సు పెట్టుకుని ప్రెస్సు మావయ్య అయ్యారు. పెళ్ళికి ముందు, తను పనిచేసే ప్రెస్సు తరఫున కాగితాల షాపుకు రోజూ ఆయనే ఫోన్ చేసేవారు. "నంబర్ ప్లీజ్" అనేది ఆవిడ. "నంబరు గుర్తులేదండీ, కాగితాల షాపాయనకు కలపండి" అనేవారు ఈయన. పేరు చెప్తే కలపడం కుదరదని ఆవిడ రోజూ చెప్పేది, చెప్పి రోజూ కలిపేది. అంత కాగితం ఏ ప్రెస్సుకూ అక్కర్లేదని ఆవిడకు అర్థమవడానికి ఎనిమిది నెలలు పట్టింది. మొహం చూడకముందే ఆ గొంతు మీద మనసు పడిందని ఆవిడే చెప్తుంది, ఏమీ దాచుకోదు.

రెండేళ్ళ కింద ఆ గొంతు పోయింది. పక్షవాతం వచ్చి కుడిచెయ్యీ కుడికాలూ పట్టేశాయి, నోట మాట పడిపోయింది. మనసులో మాట మాత్రం ఎక్కడికీ పోలేదు. వినబడుతుంది, అర్థమవుతుంది, కోపం మునుపటికంటే బాగానే వస్తుంది. పలక ఇచ్చి ఎడంచేత్తో రాయమన్నారు. ఆయన నాలుగు అక్షరాలు రాసి, వాటి వంకర తను చూసుకుని, పలక విసిరికొట్టారు. జీవితమంతా తీర్చిన వరుసలు చూసిన కళ్ళు అవి. తన చేతి వంకర తనే ఓర్చుకోలేకపోయారు.

ఆయనను ఆదుకున్నది కిందిగదిలోని పాత కంప్యూటరు. ప్రెస్సు చివరి రోజుల్లో పుస్తకాల ఆయన ఒకరు ఇచ్చి వెళ్ళింది. అందులో అందరిళ్ళల్లో ఉండే సిస్టమ్ కాదు, లినక్స్ ఉంటుంది. దాంట్లో మావయ్య ఓపిగ్గా కూర్చుని కీబోర్డు మొత్తం తన ఇష్టం వచ్చినట్టు మార్చుకున్నారు. పూర్వం అక్షరాల పెట్టెలో ఏ గడిలో ఏ అక్షరం ఉండేదో, కీబోర్డులో అదే చోట ఆ అక్షరం. ఇంకొకరు తెలుగు కొడితే గందరగోళమే వస్తుంది, అంకెలూ ఇంగ్లీషూ మాత్రం ఎప్పటి చోటే ఉంటాయి. ఆయన మాత్రం కళ్ళు మూసుకుని, ఎడంచేతి వేళ్ళతో, ఒక్క తప్పు లేకుండా కొడతారు.

అయితే స్క్రీను మీద ఎవరినీ చూడనివ్వరు. అచ్చు కాని కాపీ పరాయి వాళ్ళకు చూపించడం ఆయన వృత్తిలో లేదు. పైగా అచ్చుకు పంపగానే స్క్రీను మీద ఉన్నదంతా తుడిచేస్తారు. పని అయ్యాక అక్షరాలు తిరిగి గళ్ళలో వేసెయ్యాలన్నది ఆయన చేతికి పట్టిన అలవాటు. దాచుకోవడమన్న మాటే లేదు. కాగితం మీద పడితే మాట, లేకపోతే లేదు.

పక్కనున్న పాత ప్రింటరు బాగున్నంత కాలం ఇది నడిచింది. ఆయన కొట్టేవారు, కాగితం వచ్చేది, ఆవిడ పై నుంచి పధ్నాలుగు మెట్లు దిగి వచ్చి చదివేది. వంటిల్లు పైన, ఆయన కింద. గంట ఇచ్చి మోగించమంటే తనేమన్నా ఆఫీసరా, ఆవిడేమన్నా బంట్రోతా అన్నట్టు చూశారు. ఆవిడ పది నిమిషాలకోసారి దిగి చూసుకునేది, మోకాళ్ళు అరిగేవి. ఆ ప్రింటరు కాస్తా మూలపడ్డాక కూతురు వైర్లెస్ ప్రింటరు తెచ్చింది. కూతురు ఆస్పత్రిలో నర్సు, తల్లిదండ్రుల దగ్గరే ఉంటుంది.

"దీనికి తీగ అక్కర్లేదమ్మా. నాన్న కింద కొడితే కాగితం నీ పొయ్యి పక్కన వస్తుంది."

అత్తయ్య మొహం వెలిగిపోయింది. పొయ్యి పక్కన తనకో బోర్డు ఉంటుందన్నమాట. పప్పుల డబ్బాలు కింది అరకు దించి, గట్టు మీద చోటు చేసింది.

ప్రింటరు వచ్చింది గాని, కింది కంప్యూటరు దాని మొహం చూడలేదు. పెట్టెలో వచ్చిన సీడీ అందరిళ్ళల్లో ఉండే సిస్టమ్‌లకే పనికొస్తుందట. కూతురు రెండు పూటలు కుస్తీ పట్టి, డ్యూటీకి వేళైందని వెళ్ళిపోయింది. అత్తయ్య కళ్ళజోడు తుడుచుకుని కంపెనీ హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసింది. ఒకటి నొక్కమంది, మూడు నొక్కమంది, పాట వినమంది. ఇరవై రెండు నిమిషాలు పాట విన్నాక ఒకావిడ జలుబు గొంతుతో పలికింది.

"సారీ మేడం, ఆ సిస్టమ్‌కి మేం సపోర్ట్ ఇవ్వం."

"సపోర్టు సంగతి తర్వాత చూద్దాం. ముందు మంచినీళ్ళు తాగమ్మా. జలుబుతో వరసగా మాట్లాడితే గొంతు పోతుంది. నేనూ ఆపరేటరునే, ముప్పై ఒక్క ఏళ్ళు చేశాను. ఇవాళ ఎన్నో కాల్ ఇది?"

అవతల నీళ్ళు తాగిన చప్పుడు వచ్చింది.

"అరవై నాలుగోది మేడం." అని, గొంతు తగ్గించింది ఆవిడ. "ఇది మేం చెప్పేది కాదు గానీ, దానికి సీడీ కూడా అక్కర్లేదు. ప్రింటరు మీద చిన్న తెర ఉంది చూశారా, అందులో దాని నెట్‌వర్క్ నంబరు ఉంటుంది. మీ సిస్టమ్‌లో ప్రింటర్ కలిపే చోట ఆ నంబరు ఇచ్చి చూడండి."

నంబరు అన్న మాట చెవిన పడగానే అత్తయ్యకు పోయిన ఉద్యోగం తిరిగొచ్చినట్టయింది. పైకెళ్ళి నంబరు చీటీ మీద రాసుకుంది, కిందికొచ్చి కొట్టింది. తప్పు వచ్చింది. మళ్ళీ కొట్టింది. ఏం మార్చిందీ, మార్చాక ఏమైందీ, ఒక్కొక్కటే పాత డ్యూటీ పుస్తకంలో టైము వేసి రాసుకుంది. ఒకేసారి రెండు మార్పులు చేస్తే ఏది పనిచేసిందో తెలియదన్నది ఆవిడ లెక్క. మూడో రోజు మధ్యాహ్నం పైన వంటింట్లో గరగరమని చప్పుడైంది. అత్తయ్య తన వయసూ మోకాళ్ళూ మరిచిపోయి మెట్లెక్కింది. ప్రింటరు నోట్లో కాగితం ఉంది. దాని మీద అందమైన అక్షరాల్లో ఒకే ఒక్క వాక్యం.

"కాగితం తిన్నగా పెట్టావా?"

ఆవిడ అక్కడే పీట మీద కూలబడి ఏడ్చింది. కాగితం సరిచేసి ఆ తర్వాత మళ్ళీ ఏడ్చింది.

పన్నెండు రోజులు ఆ ఇల్లు మాటలతో కళకళలాడింది. ఉప్పెక్కువైందని ఒక కాగితం, కిటికీ తెర తియ్యమని ఒకటి, పేపర్లో రెండో పేజీలో అచ్చుతప్పులు ఎనిమిదని ఇంకొకటి. ఆవిడ పైనుంచి గట్టిగా జవాబు చెప్పేది. వీధిలో వెళ్ళేవాళ్ళు హలో అత్తయ్య ఎవరితో పోట్లాడుతోందా అని ఆగి చూసేవాళ్ళు.

పదమూడో రోజు పొద్దున కరెంటు పోయి వచ్చింది. ఆ తర్వాత ప్రింటరు నోరు మెదపలేదు.

మావయ్య కొడుతూనే ఉన్నారు. పంపినట్టు స్క్రీను చెప్పింది గనక, అలవాటు ప్రకారం తుడిచేశారు. పైన ఏమీ రాలేదు. మధ్యాహ్నం ఆవిడ దిగి వచ్చేసరికి ఆయన జవాబు కోసం చూస్తున్నారు.

"ఏమీ రాలేదండీ. ప్రింటరు పలకడం లేదు."

ఆయన స్క్రీను వైపు వేలు చూపించారు. వెళ్ళింది కదా అన్నట్టు.

"మళ్ళీ కొట్టండి పోనీ, నేను ఇక్కడే చదువుతాను."

మావయ్య తల అడ్డంగా ఊపారు. పట్టిన పట్టు విడిచే మనిషైతే అన్నేళ్ళు కంపోజింగే చెయ్యరు. అయినా పంపడం మానలేదు. రోజూ కొట్టేవారు, పంపేవారు, తుడిచేసేవారు, ఆవిడ వైపు చూసేవారు. ఆవిడ ఊహించి జవాబులు చెప్పేది. టీ కావాలా, దుప్పటి కావాలా, దోమలా? అన్నీ తప్పే. ఐదో రోజున ఆయన కంప్యూటరు ముందుకే రానన్నారు. ఆరో రోజున చేతికి చేయించే వ్యాయామం కూడా చెయ్యనన్నారు, గోడవైపు తిరిగి పడుకున్నారు.

కూతురు ఆస్పత్రిలో డాక్టరునడిగి వచ్చింది. "ఏదో ఒక రకంగా మాట్లాడుతూ ఉండాలమ్మా. ఇలా ముడుచుకుపోయారంటే మళ్ళీ లేపడం కష్టం అన్నారు." అంటున్నప్పుడు దాని గొంతులో నర్సు లేదు, కూతురే ఉంది.

అత్తయ్య మాత్రం ఈ ఆరు రోజులూ చేతులు ముడుచుకుని కూర్చుందా? రోజుకు పదిసార్లు లైను పరీక్షించింది. ఒక నంబరుకు పలకరింపు పంపి, బదులొస్తుందో లేదో చూసే కమాండు ఒకటి ఉంటుంది ఆ సిస్టమ్‌లో. ఆవిడకు అది ప్రాణం. ప్రింటరు నంబరు కొడితే బదులొస్తోంది. ఒక్కోసారి రావడం లేదు, ఎక్కువసార్లు వస్తోంది. బదులొస్తోందంటే లైను ఉన్నట్టే. లైను ఉండగా మాట ఎందుకు వెళ్ళదు? ప్రింటరు విప్పి తుడిచింది, కాగితాలు మార్చింది, సిరా మార్చింది, చివరికి గట్టు మీద దాని దిక్కు కూడా మార్చింది. నంబరు జోలికి మాత్రం వెళ్ళలేదు. ఇల్లు కూలినా, మనిషి పోయినా, ఆ ఇంటి నంబరు ఆ ఇంటిదే. ముప్పై ఒక్క ఏళ్ళు అన్నం పెట్టిన సత్యం అది, దాన్ని అనుమానించాలని ఎవరికి తోస్తుంది?

ఏడో రోజు కూతురు బలవంతం మీద కంప్యూటర్ షాపతను వచ్చాడు. మంచివాడే, పని తెలిసినవాడే, కాకపోతే తొందర మనిషి. కిందిగదిలో కుర్చీ లాక్కుని కూర్చుని, స్క్రీను చూసి పెదవి విరిచాడు.

"ఈ సిస్టమ్‌తో వేగలేం అత్తయ్యగారూ. దీన్ని తీసేసి మామూలుది వేసేస్తాను. అరగంట పని. ప్రింటరు దెబ్బకి పలుకుతుంది."

"ఆయన కీబోర్డో?"

"అది అందరిలాగే ఉంటుంది. అలవాటు చేసుకుంటారు." అంటూనే స్క్రీను మీద ఇంకో కిటికీ తెరిచాడు. "ఇవిగో, తొమ్మిది పేజీలు అడ్డంపడి ఉన్నాయి. ముందు వీటిని కొట్టేద్దాం."

అత్తయ్య వంగి చూసింది. పేరు లేని కాగితాలు తొమ్మిది, పంపిన టైములతో సహా, వరసగా నిలబడి ఉన్నాయి. లోపల ఏముందో కనబడదు, ఎన్నున్నాయో తెలుస్తోంది. ఆయన కొట్టి తుడిచేసిన మాటలన్నీ ఎక్కడికీ పోలేదు. ఇక్కడ ఆగి ఉన్నాయి, ఇంకెక్కడా లేవు. షాపతని వేలు మౌసు మీద ఉంది.

"చెయ్యి తియ్యి నాయనా," అంది ఆవిడ.

"పాత చెత్తేగా అండీ, మళ్ళీ పంపుకోవచ్చు."

"మళ్ళీ పంపడానికి ఆయన దగ్గర లేవు. బుక్ చేసుకున్న కాల్స్ అవి. చెయ్యి తియ్యి."

గొంతు పెంచలేదు గాని, అది బోర్డు ముందరి గొంతు. షాపతను మౌసు వదిలేసి లేచి నిలబడ్డాడు. మంచం మీద గోడవైపు తిరిగి ఉన్న మావయ్య మెల్లగా ఇటు తిరిగారు. ఆ గదిలో తన మాటలకు విలువ ఉందన్న సంగతి ఆయనకు వారం రోజుల తర్వాత అప్పుడే తెలిసినట్టుంది. టీ తాగి షాపతను వెళ్ళిపోయాడు. వెళ్తూ, "మీ వల్ల అయితే నాకూ చెప్పండి, నేర్చుకుంటాను" అన్నాడు. వెటకారం లేకుండా అన్నాడు, అది అతని మంచితనం.

ఆ తర్వాత ఆవిడ డ్యూటీ పుస్తకం ముందేసుకుని కూర్చుంది. ఏడు రోజుల పరీక్షలు టైములతో సహా ఉన్నాయి. పొద్దున ఆరుంబావుకు పలికింది. ఏడుంబావుకు పలకలేదు. పదకొండుకు పలకలేదు. మధ్యాహ్నం మూడుకు పలికింది. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. ఆదివారం మాత్రం పొద్దున్నుంచి సాయంత్రం దాకా పలుకుతూనే ఉంది. ప్రింటరుకు ఆదివారం సెలవేమిటి? ఆ వరసల మీద వేలు జరుపుతూ చాలాసేపు చూసింది. ఇంతలో గేటు దగ్గర స్కూటరు ఆగిన చప్పుడైంది. డ్యూటీ దిగి కూతురు వచ్చింది. అత్తయ్యకు ఏదో తోచి పరీక్ష కమాండు కొట్టింది. అప్పటిదాకా పలకని నంబరు వెంటనే పలికింది.

"నీ ఫోను ఆపు," అంది.

"ఎందుకమ్మా?"

"ఆపు, చెప్తాను."

కూతురు ఆపింది. నంబరు పలకలేదు. మళ్ళీ ఆన్ చెయ్యమంది. కాసేపటికి పలికింది. వారం రోజులుగా ఆవిడ ప్రింటరు అనుకుని పలకరించింది కూతురి ఫోనును. అది ఆస్పత్రికి వెళ్ళి డ్యూటీ చేసి వస్తోంది. అత్తయ్య పైకెళ్ళి ప్రింటరు తెర మీద చూస్తే నంబరు వేరే ఉంది.

"ఒకరి నంబరు ఇంకొకరికి ఇవ్వడమా? ఏ ఎక్స్చేంజి ఇది?" అని ఒంటికాలి మీద లేచింది.

కూతురికి నవ్వాగలేదు. "అది రౌటరమ్మా. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా ఎవరు ముందొస్తే వాళ్ళకి నంబరిస్తుంది. మా ఆస్పత్రిలో ఓపీ చీటీల్లాగా. నిన్నటి చీటీ ఇవాళ పనికిరాదుగా. ఆ కొత్త నంబరు ఇచ్చెయ్, అయిపోతుంది."

"మళ్ళీ కరెంటు పోతే?"

అత్తయ్య మంచం వైపు చూసింది. మావయ్య ఎడంచేత్తో తన నుదుటి మీద రెండుసార్లు తట్టుకుని, తల అడ్డంగా ఊపి, ఆవిడ వైపు చూశారు. నంబరు గుర్తులేదండీ అన్న ఆ పాత సాకు ఆవిడకు ఒక్కసారిగా గుర్తొచ్చింది. నలభై ఏళ్ళ కింద ఎనిమిది నెలలపాటు, నంబరు లేకుండా, పేరు చెప్పగానే తను కలపలేదూ? కాగితాల షాపాయన మధ్యలో ఇల్లు మారితే, కొత్త నంబరు వెతికి మరీ కలపలేదూ? మనిషి ఎక్కడున్నాడో చూసుకోవాల్సింది ఆపరేటరు. అడిగేవాడికి పేరు తెలిస్తే చాలు.

ప్రింటరు కలిపే పేజీ మళ్ళీ తెరిచి, ఈసారి నంబరు గడి వదిలేసి మిగతావన్నీ మొదటినుంచీ చదివింది. నెట్‌వర్కులో ఉన్నవాటిని పేరుతో పిలిచే పద్ధతి అక్కడే ఉంది, హెల్ప్‌లైన్ మాట విని తనే దాటేసింది. పైకెళ్ళి ప్రింటరుకు "వంటిల్లు" అని పేరు పెట్టింది. కిందికొచ్చి, కొత్తగా ఇంకో ప్రింటరును చేర్చకుండా, ఉన్నదాంట్లోనే నంబరు తీసి ఆ పేరు రాసింది. కొత్తది చేరిస్తే వరసలో ఉన్నవి పాత గుమ్మం ముందే నిలబడిపోతాయని ఆవిడకు తెలుసు. ఒకటికి రెండుసార్లు చదువుకుని సరే నొక్కింది. ఏమైందీ టైము వేసి పుస్తకంలో రాద్దామని పెన్ను తీసేలోపే పైన గరగర మొదలైంది.

కూతురు రెండేసి మెట్లు ఎక్కబోతే ఆవిడ రెక్క పట్టుకుని ఆపింది. "నువ్వాగు. ఆపరేటరును నేను." అని, రైలింగు పట్టుకుని, ఒక్కొక్క మెట్టే ఎక్కింది.

కాగితాలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. పంపిన వరసలోనే వచ్చాయి.

"టీలో చక్కెర వెయ్యడం మరిచావు."

"పేపరు మొదటి పేజీలోనే తప్పులు. ఇక చదవను."

"పలకవేం? కోపమా?"

"రాలేదంటున్నావు. నా లెక్క ప్రకారం వెళ్ళింది."

"నువ్వు మెట్లు దిగుతుంటే ఎడమ మోకాలు చప్పుడు వస్తోంది. అమ్మాయితో చెప్పు."

"దోమలు కాదు."

"దుప్పటీ కాదు."

ఎనిమిదో కాగితం మీద ఏమీ లేదు. తెల్లకాగితమే పంపారు ఆ రోజు. తొమ్మిదోది చివరగా, మెల్లగా వచ్చింది.

"నాక్కావలసింది ఇదీ. నా గొంతు నాకే మరుపు వస్తోంది. నీది వింటే గుర్తొచ్చేలా ఉంది. మొదట్లో అనేదానివే, ఆ మాట ఒకసారి అను. పైనుంచే అను, నాకు వినబడుతుంది."

అత్తయ్య ఆ కాగితం మడిచి జాకెట్లో పెట్టుకుంది. కళ్ళు తుడుచుకోలేదు, గొంతు మాత్రం సవరించుకుంది. మెట్ల పైన నిలబడి, ఇరవై ఏడేళ్ళ వయసులో అన్నట్టే అంది.

"నంబర్ ప్లీజ్."

కింద కుర్చీ జరిగిన చప్పుడు, కూతురు ఆయన్ను పట్టుకుని కూర్చోబెడుతున్న చప్పుడు. తర్వాత ఒక్కొక్క మీటే, ఎడంచేత్తో, నింపాదిగా. మూడు రోజులుగా వినబడని చప్పుడది. ఆవిడ ప్రింటరు దగ్గరికి వెళ్ళి నిలబడింది. కాగితం తిన్నగా లోపలికి వెళ్ళి, తిన్నగా బయటికి వచ్చింది.

"నంబరు గుర్తులేదండీ. ఆపరేటరు గారితోనే మాట్లాడాలి."

హలో అత్తయ్య ఆ కాగితం చేత్తో పట్టుకుని, పధ్నాలుగు మెట్లూ దిగింది.